కుండలో దస్తారు

ఆ రోజు పొద్దున ఇస్రాయేలు వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. ఆరున్నరకు గట్టుపల్లిలో ఇల్లు వదలాలి. ఆరు మైళ్ళు సైకిలు తొక్కి ఎనిమిదింటికల్లా కస్బాలోని తాలూకా కచేరీ చేరాలి. గొంగడి విప్పి, షేర్వాణీ సర్దుకుని, నడుముకు బగ్లూసు బిగించి, నెత్తిన దస్తారు పెట్టుకుని, పది గంటలకు తాలూక్దారుగారి మోటారు వచ్చేసరికి గుమాస్తాల వరుసలో నిలబడాలి. అంతే. అయితే మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. నిన్నటిదాకా సన్నగా కురిసిన వాన, ఇస్రాయేలుకు ఇవాళ పనుందని ఎవరో చెప్పినట్టు, తెల్లవారేసరికి బలం పుంజుకుంది. తలుపు తీసి బయటికి చూడగానే అతనికి ఒళ్ళు మండిపోయింది.

"పడు, ఇంక గట్టిగ పడు! గిన్ని దినాలల్ల నీకు గీ దినమే దొరికిందా?" అని వాన మీద అరిచాడు.

"వాన మీద ఒర్రితె ఆగుతదానయ్యా? జర రొట్టె తిని పో," అంది లోపలి నుంచి భార్య జానమ్మ.

ఇస్రాయేలు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ రోజు కోపానికి న్యాయమైన కారణం ఉంది. మూడేళ్ళుగా అతను కచేరీలో కాగితాలకు నకళ్ళు రాస్తున్నాడు గానీ నౌకరీ ఇంకా కచ్చాయే. జిల్లాకంతా పెద్ద అయిన తాలూక్దారు సంతకం పడితేనే పక్కా అవుతుంది. ఆయనేమో మూడేళ్ళలో ఆ తాలూకా ముఖం చూడలేదు, ఇప్పుడు తనిఖీకి వస్తున్నాడు. "దస్తారూ బగ్లూసూ లేకుండా ఎవడైనా హుజూర్ ముందు నిలబడితే, వాని పేరు నేనే కొట్టేస్త," అని తహసీల్దారు నిన్న సాయంత్రం అందరికీ చెప్పి పంపాడు. బగ్లూసంటే నడుముకు కట్టే బిళ్ళ పట్టీ, అది ఇస్రాయేలుకు ఉంది. లేనిది దస్తారు.

దస్తారంటే మన ఊరి రుమాలు కాదు, విప్పి పిండుకుని మళ్ళీ చుట్టుకోవడానికి. అచ్చు మీద చుట్టి, గంజి పెట్టి, గట్టిగా బిగించి తయారు చేసేది. టోపీలాగా ఎత్తి నెత్తిన పెట్టుకోవడమే. నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, పులుసులో వేసిన రొట్టె అవుతుంది. ఊళ్ళో అలాంటిది ఒక్క ఇక్బాల్ బీ ఇంట్లోనే ఉంది. చనిపోయిన ఆమె భర్త రెవెన్యూ శాఖలో గిర్దావరుగా ఉండేవాడు. పన్నెండేళ్ళుగా ఆ దస్తారును ఆమె సందూకులో పెట్టి, శుక్రవారం శుక్రవారం తీసి తుడిచి మళ్ళీ పెడుతోంది. రాత్రి ఇస్రాయేలు వెళ్ళి అడిగితే సందూకు తెరిచి దాన్ని మరోసారి తుడిచింది.

"తీస్కపో బేటా," అంది చివరికి. "గని ఒక్క చుక్క నీల్లు పడొద్దు. పడితె మా ఆయన నెత్తి మీద పడ్డట్టే. పురుగు వట్టకుంట యాపాకు ఎయ్యి."

"పడనియ్య ఖాలా. నా పానం లెక్క సూస్కుంట," అన్నాడు ఇస్రాయేలు, ఆమెను పిన్ని వరసన పిలుస్తూ.

పొద్దున రొట్టె తిని బయటికి వచ్చి చూస్తే, సైకిలు పక్కన అరుగు మీద వెడల్పు మూతి కుండ ఒకటి ఉంది. కుమ్మరి దగ్గర నుంచి తెచ్చిన కొత్త కుండ. మూతి చుట్టూ వేపమండలు, వాటి మీద మూకుడు, మూకుడు మీద పసుపుపచ్చ గుడ్డ కట్టి ఉన్నాయి.

"గిదేందే?"

"దస్తారు. లోపల పెట్టిన."

"దస్తారు ఎవ్వడన్న కుండల పెడ్తడానే?"

"మరి దేంట్ల పెట్టాలె? గంపల పెడితె నీల్లు కారుతయి, సంచిల పెడితె నలుగుతది. కుండల పెడితె చుక్క దిగదు. యాపాకు మీ ఖాలానే ఎయ్యమన్నది గద."

"గీ పచ్చగుడ్డేంది?"

"కోతల పండుగకు మన మిషను గుడిల కట్టిన గుడ్డ. మందంగున్నది, నీల్లు ఇంకదు. ఇంట్ల ఇంక పొడిగుడ్డ ఒక్కటన్న ఉంటె నువ్వే ఎతికి తీస్కో పో!"

మూడు రోజుల ముసురులో పొడిగుడ్డ ఎవరింట్లోనూ లేదు. ఇస్రాయేలు పళ్ళు నూరాడు గానీ ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తప్పు దొరకకపోతే అతనికి ఇంకా కోపం వస్తుంది. ఆ కోపంతోనే కుండను సైకిలు వెనక తాళ్ళతో బిగించి కట్టాడు. పాదిరిగారు ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిన సైకిలది. పాదిరిగారు ఆరడుగుల మనిషి, ఇస్రాయేలు కాదు. అందుచేత అతను దాని మీద కూర్చుని తొక్కిన రోజు ఇంతవరకు లేదు, అటూ ఇటూ ఊగుతూ నిలబడే తొక్కుతాడు.

కస్బా దారిలో రెండు ఊళ్ళున్నాయి. ముందు తుమ్మలగడ్డ, తర్వాత వాగు, వాగు అవతల రాళ్ళచెల్క. తుమ్మలగడ్డ చేరేసరికి నల్లరేగడి చక్రానికీ పైరేకుకూ మధ్య దూరి గడ్డకట్టింది. సైకిలు ముందుకు కదలదు, వెనక్కి కదలదు. ఇస్రాయేలు దాన్ని నానా తిట్లూ తిట్టి, చావడి దగ్గర ఆపి, కుండ విప్పి అరుగు మీద తడి తగలని చోట పెట్టాడు. పుల్ల తీసుకుని చక్రంలో బురద గీకడం మొదలుపెట్టాడు.

అప్పుడే నాగులమ్మ అనే ముసలమ్మ చాట నెత్తిన బోర్లించుకుని అటుగా వచ్చింది. అరుగు మీద కుండను చూసింది. వేపమండలు చూసింది, పచ్చగుడ్డ చూసింది. బురద గీకుతున్న మనిషి ఎవరో చూసింది. చాట కింద పడేసి కెవ్వున కేక పెట్టింది.

"ఓరి దేవుడో! గట్టుపల్లోడు గత్తర తల్లిని తెచ్చి మన చావిడిల దించిండురో!"

ఆ కేకకు కారణం ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. వాంతులూ విరేచనాలతో గత్తర వచ్చిందంటే ఊరు ఊరే ఊడ్చుకుపోయేది. అప్పుడు కొత్త కుండలో తల్లిని నిలిపి, వేపమండలు పెట్టి, పచ్చగుడ్డ కట్టి, ఒక మనిషి నెత్తిన పెట్టి పొలిమేర దాటించి పక్క ఊళ్ళో దించి వచ్చేవాళ్ళు. పక్క ఊరివాళ్ళు చూస్తే కర్రలు పట్టుకుని వస్తారు, చూడకపోతే వాళ్ళ ఖర్మ. పోయినసారి గత్తరకు నాగులమ్మ ఇద్దరు కొడుకులు ఒకే రోజు పోయారు. ఇక ఆ చుట్టుపక్కల పది ఊళ్ళకూ కుండ ఎత్తే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతని పేరు పెద్దులు. ఇస్రాయేలుకు సొంత తాత.

చూస్తుండగానే చావడి ముందు యాభై మంది చేరారు. పటేలు సోమన్న గొంగడి కప్పుకుని వచ్చి పది అడుగుల దూరంలోనే ఆగాడు.

"ఓరి పెద్దులు మనుమడా! మీ ఊరి గత్తరను తెచ్చి మా ఊల్లె దించుతవారా?"

"గత్తర లేదు పటేలా, ఏం లేదు!"

"లేదా? మీ ఊల్లె బిక్షమ్మకు మొన్నటిసంది కడుపు ఆగుతలేదని మాకెర్క లేదా?"

"బిక్షమ్మవ్వ తొమ్మిది సీతాపండ్లు తిన్నది! దోరగాయలు! నువ్వు తిన్నా గంతే అయితది!"

"మరి గా కుండలేంది?"

"దస్తారు!"

"దస్తారు ఎవ్వడన్న కుండల పెడ్తడారా?"

పొద్దున తను భార్యను అడిగిన మాటే ఇది. "ఇగో, ఇప్పి సూపిస్త," అంటూ గుడ్డ ముడి మీద చెయ్యి వేశాడు. అంతే, యాభై మందీ ఒక్కసారిగా అరుస్తూ వెనక్కి పరుగెత్తారు. నాగులమ్మ మాత్రం ముందుకు వచ్చి అతని కాళ్ళ దగ్గర బురదలో పడింది. "ఇప్పకు బిడ్డా, నీ కాల్మొక్త! ఇప్పితె ఊల్లె తిరుగుతది. ఇంక నాకు ఒక్క మనుమడే మిగిలిండు," అని ఏడ్చింది.

కుండ విప్పితే తప్ప నిజం తెలియదు. ఆ కుండ విప్పనిచ్చేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. ఇస్రాయేలు నెత్తీనోరూ కొట్టుకుని, "సరే, ఇప్ప. సైకిల్ మీద పెట్టుకోని పోత. జరగుండ్రి!" అన్నాడు.

"తల్లిని సైకిల్‌కు కట్టి ఈడుస్తవా?" అని సోమన్న మండిపడ్డాడు. "ఆమె కోపానికి మేం బలి కావాలె? నెత్తి మీద ఎత్తుకో. నడిచి పో. మీ తాత ఎత్తలేదా? నువ్వెందుకెత్తవు?"

ఆ మాటతో ఇస్రాయేలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాత ఆ కుండ ఎత్తి ఎత్తి, చివరికి ఎవరి గత్తరో తనే తెచ్చుకుని, రెండు ఊళ్ళ మధ్య పొలిమేరలో ఎవరూ ముట్టుకోకుండా చచ్చిపోయాడు. అందుకే నాయన కొడుకును మిషను బడిలో వేశాడు. ఈ కుండ తన నెత్తి మీదికి రాకూడదనే ఇస్రాయేలు దీపం ముందు కూర్చుని పరాయి ఉర్దూ లిపి నేర్చుకున్నాడు, మూడేళ్ళుగా ఇంకొకరు రాసిన కాగితాలకు నకళ్ళు రాస్తున్నాడు. ఈ ముసురులో, పక్కా నౌకరీకి రెండు గంటల ముందు, ఆ కుండే వచ్చి తన నెత్తికెక్కుతోంది.

కానీ టైము ఎనిమిది దాటింది. ఇక్కడే నిలబడి కొట్లాడితే మధ్యాహ్నం అవుతుంది. ఇస్రాయేలు సోమన్నను కళ్ళతోనే కాల్చి, కుండను ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. నాగులమ్మ అతని పాదాల మీద పసుపునీళ్ళు పోసింది, సగం షేర్వాణీ మీద పడ్డాయి. ఇద్దరు డప్పులు తెచ్చారు. తడిసిన డప్పు మోగదు కదా, అందుకని వాళ్ళు ఇరవై అడుగులకోసారి ఏదో ఒక చూరు కింద ఆగి గడ్డి మంట వేసి డప్పు కాచుకున్నారు. వాళ్ళు కాచుకున్నంతసేపూ అతను కుండతో నిలబడాల్సి వచ్చింది. సైకిలును సోమన్న పాలేరు నడిపించుకుంటూ వచ్చాడు. అది ఇప్పుడు హాయిగా నడుస్తోంది.

డప్పు చప్పుడు వాళ్ళకంటే ముందే వాగు దాటింది. ఒడ్డు చేరేసరికి మోకాలి లోతు ఎర్రనీళ్ళకు అవతల రాళ్ళచెల్క జనం కర్రలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఊరి కావలి బషీర్ ఉన్నాడు. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. పోయినసారి గత్తరలో ఇద్దరు చెల్లెళ్ళను పాతిపెట్టినవాడు కావడంతో, కుండలో ఉన్నది ఎవరి దేవతన్న ఆలోచన అతనికి రాలేదు.

"ఆగుండ్రి! ఒక్కడు అడుగు పెడితె కాల్లు ఇరుగుతయి!" అని అరిచాడు.

"పోయినసారి మీరు మా మీదికి తోలలేదా?" అని ఇవతల నుంచి సోమన్న కేక.

"మేం తోలినమా? గది దానంతటదే వచ్చింది!"

"దానంతటదే వస్తె కుండ ఎవ్వడు మోసిండు?"

అక్కడి నుంచి మాట గత్తరను వదిలి, పోయినేడు మాయమైన బర్రె మీదికి, బర్రె నుంచి జరిగిపోయిన హద్దురాయి మీదికి, రాయి నుంచి ఎవరి తాత ఎవరి తాతను ఏమన్నాడన్న దాని మీదికి వెళ్ళింది. రెండు వైపులా కర్రలు లేచాయి. వాగు మధ్యలో, మోకాలి లోతు నీళ్ళలో, నెత్తి మీద కుండతో ఇస్రాయేలు నిలబడి ఉన్నాడు. పైన వాన పడుతోంది. ఎవరో రాయి విసిరితే అది కుండకు జానెడు దూరంలో నీళ్ళలో పడింది. ఒక్క చుక్క నీళ్ళు పడనివ్వనని మాటిచ్చిన దస్తారు అందులో ఉంది. అప్పటిదాకా అతని కోపానికి అడ్డంగా ఉన్నదేదో పుటుక్కున తెగిపోయింది.

"నోర్లు ముయ్యుండ్రి!" అని అరిచాడు. అతని గొంతులో అంత బలముందని అతనికే తెలియదు. "బాట ఇడుస్తరా, ఇడువరా? ఇడువకుంటె గీ కుండను గీడ్నే దించుత. గా ఊరు గాదు, గీ ఊరు గాదు, నడిమిట్ల దించుత. మూత తీస్త, బోర్లిస్త! గప్పుడు ఎవలెవలు సస్తరో మీరే పంచుకోండ్రి!"

వాగుకు అటూ ఇటూ లేచిన కర్రలు దిగాయి. బషీర్ రెండడుగులు వెనక్కి వేశాడు, సోమన్న నాలుగు వేశాడు. ఇస్రాయేలు పుట్టి బుద్ధెరిగాక తన మాటకు ఒక పటేలు వెనక్కి జరగడం అదే మొదటిసారి. ఆ సంగతి అతనికి కొంచెం ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక కుండను అరచేతులతో కొద్దిగా పైకి లేపి చూశాడు. రెండు ఊళ్ళూ ఇంకో అడుగు వెనక్కి వేశాయి.

"ఏడికి పోతవయ్యా మరి?" అని బషీర్ మెల్లగా అడిగాడు.

"కస్బాకు!"

రెండు ఊళ్ళవాళ్ళూ మొహాలు చూసుకున్నారు. కస్బాకు దవాఖాన ఉంది, పోలీసు ఠాణా ఉంది, అన్నిటికీ తట్టుకుంటుంది. ఎంతకూ తెగని హద్దు తగాదా ఉన్న ఆ రెండు ఊళ్ళూ ఈ ఒక్క విషయంలో నిమిషంలో ఏకమయ్యాయి. అయితే ఇతను మధ్యలో ఎక్కడైనా దించేసి పోడని ఏమిటి నమ్మకం? అందుకని రెండు ఊళ్ళూ కలిసి, ఇరవై అడుగుల దూరంలో, డప్పులతో, చివర సైకిలుతో సహా అతని వెనకే బయలుదేరాయి.

కచేరీలో ఆ సమయానికి తాలూక్దారుగారు కూడా కోపంగానే ఉన్నారు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క ఆయన మోటారును బొగ్గు మీద నడుపుతున్నారు. బొగ్గు తడిసి అది రెండు మైళ్ళ అవతలే ఆగిపోయింది. ఎడ్లబండిలో తడుస్తూ వచ్చారు. ఆయన దస్తారు కరిగి, చెవుల మీదికి జారి, చివరికి బల్ల మీద ఒక ముద్దలాగా పడి ఉంది. తహసీల్దారు ఆయనను చల్లబరచడానికి వేడి చాయ్ ఇప్పించి, సీజను పండ్లు కదా అని నాలుగు పెద్ద సీతాఫలాలు తినిపించాడు. బోడితలతో తనిఖీ ఎలా చేసేదని తాలూక్దారుగారు వరండాలో పచార్లు చేస్తుండగా దూరం నుంచి డప్పు వినిపించింది.

తహసీల్దారు తొంగి చూశాడు. రెండు వందల మంది ఉన్నారు. సర్కారు బలవంతంగా వసూలు చేసే లేవీ ధాన్యం గురించి మొర పెట్టుకోవడానికే వస్తున్నారని అతని గుండె జారిపోయింది.

"ఎవరు వాళ్ళు?" అని తాలూక్దారుగారు ఉర్దూలో గద్దించారు.

తహసీల్దారుకు ఆ క్షణంలో నోటికి వచ్చిన అబద్ధం ఒకటే. "రైతులు, హుజూర్. తమరికి స్వాగతం చెప్పడానికి వస్తున్నారు."

తాలూక్దారుగారి మొహం ఆ రోజులో మొదటిసారి విప్పారింది. గొడుగు పట్టించుకుని మెట్లు దిగి ఎదురు వచ్చారు. ఇస్రాయేలు చేతులు రెండూ మొద్దుబారి ఉన్నాయి. "హుజూర్, అది..." అనబోయాడు. వెనక నుంచి తహసీల్దారు కళ్ళు పెద్దవి చేసి నోరు మూయించాడు. తాలూక్దారుగారు కుండను స్వయంగా దించి వరండాలో పెట్టుకున్నారు. ముడి విప్పారు, మూకుడు తీశారు. రెండు వందల మందీ ఊపిరి బిగబట్టి వెనక్కి జరిగారు. లోపల చుక్క తడి లేకుండా, వేపాకు వాసనతో, చెక్కుచెదరని దస్తారు ఒకటి ఉంది.

"వాహ్!" అన్నారాయన. "నా దస్తారు తడిసిన సంగతి కూడా ముందే తెలుసుకున్నారా?" అని ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు. అచ్చంగా ఆయన తలకే చుట్టినట్టుంది.

"ఎక్కింది తల్లి! పెద్దోని నెత్తికెక్కింది!" అని నాగులమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆమె వెనక రెండు ఊళ్ళూ బురదలో సాగిలపడ్డాయి. లేచి మళ్ళీ ఒక్కసారి మొక్కి, తల్లి మనసు మారకముందే దొరికిన దారిన పరుగందుకున్నాయి. తెలుగు రాని తాలూక్దారుగారు కళ్ళు తుడుచుకుని, ఇంత భక్తి తను ఏ తాలూకాలోనూ చూడలేదన్నారు. తహసీల్దారు వినయంగా తల వంచాడు.

పావుగంట తర్వాత తనిఖీ మొదలైంది. వరుసలో చివరన ఇస్రాయేలు నిలబడ్డాడు. షేర్వాణీ మీద పసుపునీళ్ళు, నడుముకు బగ్లూసు, తల బోడి. తాలూక్దారుగారు ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి అతని ముందు ఆగారు. మొహం చిట్లించారు.

"నీ దస్తారు ఏదీ?"

వెనక తహసీల్దారు చేతులు జోడించి, మాట్లాడకు అని సైగ చేస్తున్నాడు. మాట్లాడకపోతే దస్తారు లేని నేరానికి నౌకరీ పోతుంది. మాట్లాడితే ఇంకో నేరానికి పోతుంది. ఎటూ పోయేదే అయినప్పుడు నోరు మూసుకునేంత ఓపిక ఇస్రాయేలుకు ఆ రోజు మిగల్లేదు.

"తమరి నెత్తి మీద ఉంది, హుజూర్," అన్నాడు.

తాలూక్దారుగారు నెమ్మదిగా దస్తారు తీసి లోపలికి చూశారు. పట్టీ మీద సిరాతో రాసిన గిర్దావరు పేరు ఉంది, దాని పక్కన రెండు వేపాకులు అంటుకుని ఉన్నాయి. "చెప్పు," అన్నారు. ఇస్రాయేలు చెప్పాడు. వాన, ఖాలా, కుండ, చావడి, బిక్షమ్మ, వాగు, తాత, అన్నీ చెప్పాడు. మిషను బడిలో ఎన్ని దెబ్బలు తిన్నా నోటికి రాని ఉర్దూ ఆ రోజు కోపంలో ధారాళంగా వచ్చింది.

"అయితే ఆ జనం నా నెత్తి మీద ఏం ఎక్కిందనుకుంటున్నారు?"

"గత్తర, హుజూర్."

సరిగ్గా అప్పుడే నాలుగు సీతాఫలాలు తమ పని మొదలుపెట్టాయి. తాలూక్దారుగారి కడుపులో వరుసలో అందరికీ వినపడేంత చప్పుడయింది. ఆయన చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది.

"మీ ఊరి ముసలమ్మకు మొదట ఏమైంది?" అని గొంతు తగ్గించి అడిగారు.

"కడుపులో చప్పుడు, హుజూర్."

తాలూక్దారుగారు చదువుకున్న మనిషి, ఇలాంటివి నమ్మరు. నమ్మరు గనుకే, దస్తారును రెండు చేతులతో ఎత్తి ఇస్రాయేలు నెత్తిన పెట్టి, చెవుల దాకా నొక్కారు. "పెట్టుకో. నేను ఈ తాలూకా దాటేదాకా తీయకు. నీ ఫైలేదీ?" అన్నారు. నిలబడే సంతకం చేశారు. ఆ కుండను పగలగొట్టించమని తహసీల్దారుకు హుకుం ఇచ్చి, మిగతా రికార్డు ఏదీ చూడకుండానే బండెక్కారు.

సాయంత్రం ఇస్రాయేలు సైకిలెక్కేసరికి, ఇక దాని అవసరం ఎవరికీ లేదని తెలిసినట్టు, వాన ఆగిపోయింది. కుండ లేదు కాబట్టి దస్తారు నెత్తినే ఉంది. అతనికి ఆ సంగతి ఇష్టంగానే ఉంది. తాత కుండ మోసిన దారిలో, సోమన్న పటేలు చావడి ముందు నుంచి, పక్కా నౌకరుగా దస్తారు పెట్టుకుని గంట కొట్టుకుంటూ పోవాలని కస్బా నుంచే అనుకుంటూ వచ్చాడు.

రాళ్ళచెల్క మొదట్లోనే అతన్ని ఆపేశారు. తాలూక్దారుగారి బండి రెండు మైళ్ళలో మూడుసార్లు తంగేడు పొదల పక్కన ఆగిందన్న కబురు అప్పటికే ఊళ్ళకు చేరింది. తల్లి ఎంత సత్యమున్నదో అందరికీ రుజువైపోయింది. ఆ తల్లి ఎక్కిన దస్తారు ఇప్పుడు సైకిలు మీద తిరిగి వస్తోంది. పొద్దున తలలు పగలగొట్టుకోబోయిన రెండు ఊళ్ళూ దారికి అడ్డంగా ఒకే వరుసలో నిలబడ్డాయి.

"జరుగుండ్రి! జరగకుంటె దీన్ని గీడ్నే పెడ్త!" అని ఇస్రాయేలు దస్తారు మీద చెయ్యి వేశాడు. జనం వణికిపోయారు గానీ దారి మాత్రం వదల్లేదు.

"గుస్సా కాకుండ్రి ఇస్రాయేల్ సాబ్," అన్నాడు బషీర్, చేతులు కట్టుకుని. "మీకు అడ్డం వచ్చేటోల్లమా మేము? ఊల్లెకు మాత్రం రాకుండ్రి."

"గుట్ట ఎనుకనించి ఎడ్లబండి బాట ఉన్నదయ్యా," అన్నాడు సోమన్న పటేలు. పొద్దున "ఓరి" అన్న నోరే అది. "మంచి బాట, జర చుట్టు అయితది గంతే. నీకు పుణ్యముంటది, రేపటిసంది గట్ల పోయి రా."

నాగులమ్మ తన మనుమణ్ణి పక్కన నిలబెట్టుకుని అతనికి దండం పెడుతోంది. ఇస్రాయేలు తిట్టడానికి నోరు తెరిచాడు. ఆ పిల్లవాడిని చూసి నోరు మూసుకున్నాడు. సైకిలు తిప్పాడు.

చీకటి పడుతుండగా ఇక్బాల్ బీ దస్తారును దీపం దగ్గర తిప్పి తిప్పి చూసి, "ఒక్క చుక్క పడలే. శెబాష్ బేటా," అంది. మర్నాటి నుంచి ఆ దారిలో ఎవరూ ఇస్రాయేలును "ఓరి" అనలేదు. ఆరు మైళ్ళ దూరంలో ఉన్న కచేరీ మాత్రం అతనికి పదకొండు మైళ్ళయింది.